బండి దీపం కథ: కార్బైడు గ్యాసు నుంచి ఎల్‌ఈడీ దాకా



ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకు రావడం సహజం. నా సర్వీసంతా కార్యాలయ వాహన విభాగంలో గడిచింది. జీపులు, వ్యాన్లు, లారీలు, వాటి బ్యాటరీలు, వైరింగు, దీపాలు, ఇదే నేనెరిగిన లోకం. కనుక నాకు తెలిసిన చరిత్రనే, అంటే బండి ముందు వెలిగే దీపం చరిత్రనే రాస్తున్నాను.

ఇందుకు ఇంకొక కారణం కూడా ఉంది. మన సభ్యులలో చాలామంది ఇప్పుడు పిల్లల దగ్గర మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో ఉంటున్నారు. నెలవారీ సమావేశంలో డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లుల ప్రస్తావన అయిపోయాక ఎక్కువగా వినబడే మాట ఒకటుంది. "రాత్రిపూట రోడ్డెక్కలేకపోతున్నామండీ, ఎదురుగా వచ్చే బండ్ల లైట్లకు కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి" అని. ఇది మన వయసు వల్లనా, బండ్ల వల్లనా అని అడుగుతుంటారు. రెండింటి వల్లా అనేదే నా సమాధానం. వయసును మనం వెనక్కు తిప్పలేము గాని, బండి దీపాన్ని సరిచేయించవచ్చు. ఎలాగో తెలియాలంటే ఆ దీపం ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం తెలుసుకోవాలి.

నీళ్ళు, కార్బైడు, మంట

మోటారు బండ్లు పుట్టిన తొలి రోజులలో వాటి ముందు నూనె దీపాలు, గ్యాసు దీపాలు ఉండేవి. 1892లో థామస్ విల్సన్ అనే ఆయన కాల్షియం కార్బైడును చవకగా తయారుచేసే మార్గం కనిపెట్టిన తరువాత గ్యాసు దీపాలకు గిరాకీ పెరిగింది. మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడేవారే, ఇప్పుడు నిషేధించారే, ఆ కార్బైడే ఇది. పైన నీళ్ళ తొట్టి, కింద కార్బైడు ముక్కలు. చుక్క చుక్కగా నీరు పడితే ఎసిటిలిన్ గ్యాసు పుడుతుంది. అగ్గిపుల్ల గీసి అంటించాలి. గాలికి, వానకు అంత తేలికగా ఆరిపోని తెల్లటి మంట వచ్చేది.

విద్యుత్ దీపం 1898లో అమెరికాలో కొలంబియా అనే ఎలక్ట్రిక్ కారుకు అమర్చారు. కాని ఆ నాటి ఫిలమెంట్లు రోడ్డు కుదుపులకు తట్టుకోలేక తెగిపోయేవి. బండి మీద ఇమిడేటంత చిన్నదై, తగినంత కరెంటు ఇవ్వగల డైనమో తయారుచేయడం కూడా కష్టంగా ఉండేది. టంగ్‌స్టన్ ఫిలమెంటు వచ్చాక ఆ ఇబ్బంది తగ్గింది. 1912లో కాడిలాక్ కంపెనీ సెల్ఫ్ స్టార్టరు, విద్యుత్ దీపాలు ఒకే ఏర్పాటుగా కలిపి ఇచ్చింది. అక్కడి నుంచి గ్యాసు దీపం కాలం క్రమంగా చెల్లిపోయింది.

మన హైదరాబాదు సంగతికి వస్తే, 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. అవి ఆల్బియన్ కంపెనీ బస్సులు. అప్పటికే గ్యాసు దీపాలు పాతబడి విద్యుత్ దీపాలు స్థిరపడ్డాయి.

ఎదుటివాడి కోసం పుట్టిన డిప్పరు

విద్యుత్ దీపం రాగానే కొత్త చిక్కు వచ్చింది. వెలుగు పెరిగిన కొద్దీ ఎదురుగా వచ్చేవాడికి కళ్ళు కనబడకుండా పోయాయి. 1915లో అమెరికాలో గైడ్ లాంప్ కంపెనీ దీపాన్ని కిందికి వంచే ఏర్పాటు తెచ్చింది. అయితే బండి ఆపి, కిందికి దిగి వంచవలసి వచ్చేది. 1917లో కాడిలాక్ కారులో కూర్చున్నచోటి నుంచే వంచడానికి ఒక లివరు పెట్టారు. 1924లో వచ్చిన బైలక్స్ బల్బులో ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లు ఉండేవి. ఒకటి దూరానికి, ఒకటి దగ్గరకు. 1927 నాటికి కాలితో నొక్కే డిమ్ స్విచ్ వచ్చింది. పాత అంబాసిడర్లు, జీపులు నడిపినవారికి ఎడమ కాలి దగ్గర నేల మీద ఉండే ఆ బొడిపె బాగా గుర్తుంటుంది. ఎదుట లైటు కనబడగానే కాలు దానంతట అదే దాని మీదికి పోయేది. లారీల వెనుక "యూజ్ డిప్పర్ ఎట్ నైట్" అని రాసే సంప్రదాయం కూడా ఈ అవసరం నుంచి వచ్చినదే.

ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. బండి దీపం చరిత్ర అంటే వెలుగు పెంచుకుంటూ పోయిన చరిత్ర మాత్రమే కాదు. ఆ వెలుగు ఎక్కడ పడాలో, ఎక్కడ పడకూడదో నేర్చుకున్న చరిత్ర కూడా. వెలుగు పెంచిన ప్రతిసారీ ఎదుటివాడి కళ్ళను కాపాడే ఉపాయం కూడా వెతకవలసి వచ్చింది. 1965, 1971 యుద్ధ కాలాలలో హెడ్‌లైటు అద్దం పై సగానికి నల్లరంగు పూయించిన సంగతి మన పెద్దలు ఎరుగుదురు. అది ఆకాశం నుంచి కనబడకుండా ఉండటానికి. తరువాతి కాలంలో అద్దం నడుమ పెట్టిన నల్లబొట్టు మాత్రం ఎదుటివాడి మీద దయతో పెట్టినది.

చీకటి మాదాపూర్, వెలుగు మాదాపూర్

1980లలో కార్యాలయం పనుల మీద టోలిచౌకి, గచ్చిబౌలి మీదుగా లింగంపల్లి వైపు పాత బొంబాయి రోడ్డులో రాత్రిళ్ళు జీపులో చాలాసార్లు తిరిగాను. ఇరుపక్కలా రాతి గుట్టలు, పొదలు. సెంట్రల్ యూనివర్సిటీ వైపు ఏవో కొద్ది దీపాలు తప్ప రోడ్డు మీద వెలుగు అంటూ ఉండేది కాదు. బండి దీపం చూపించినంత మేరే లోకం. గుంత, గేదె, ఎదురు సైకిలు, ఏదైనా ఆ పసుపు వెలుగులోకి వచ్చాకే తెలిసేది. ఆ రోజులలో ఇంకొంచెం వెలుగుండే బల్బు కావాలని డ్రైవర్లు అడిగారంటే అందులో న్యాయం ఉంది.

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేటు ఏర్పడింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2020 సెప్టెంబరు 25న దుర్గం చెరువు తీగల వంతెన తెరిచారు. 2017-18 ప్రాంతంలో నగరపాలక సంస్థ వీధి దీపాలన్నిటినీ ఎల్‌ఈడీలకు మార్చే పని చేపట్టింది. నేడు హైటెక్ సిటీ రోడ్ల మీద అర్ధరాత్రి పత్రిక చదువుకునేంత వెలుగు చాలా చోట్ల ఉంది. ఇక్కడ బండికి దీపం కావలసింది ముఖ్యంగా తాను ఎదుటివారికి కనబడటానికి. హై బీముతో అవసరమే లేదు. విచిత్రం ఏమిటంటే, చీకటి రోడ్డు కాలంలో లేని గుడ్డి వెలుగులు ఈ వెలుగు రోడ్డు కాలంలో వచ్చిపడ్డాయి.

బల్బులోని చిన్న రేకు

ఈ విచిత్రానికి కారణం బల్బు లోపల ఉంది. మన దేశపు కార్లలో, వ్యాన్లలో చాలాకాలంగా ఎక్కువగా కనబడేది హెచ్-4 అనే హాలోజన్ బల్బు. హాలోజన్ హెడ్‌లైటు బల్బు 1962లో యూరప్‌లో వచ్చింది. రెండు ఫిలమెంట్ల హెచ్-4 రకం 1971లో వచ్చింది. మామూలు బల్బులో టంగ్‌స్టన్ ఆవిరై గాజు లోపలి వైపు నల్లగా పేరుకుంటుంది. హాలోజన్ వాయువు ఆ ఆవిరిని తిరిగి ఫిలమెంటు దగ్గరకు చేరుస్తుంది. కనుక ఎక్కువ వేడిమి మీద, ఎక్కువ వెలుగుతో, గాజు మసకబారకుండా వెలుగుతుంది.

12 వోల్టుల హెచ్-4 బల్బు 60/55 వాట్లు. దూరపు వెలుగుకు 60, దగ్గర వెలుగుకు 55. దగ్గర వెలుగు ఫిలమెంటు కింద చిన్న గిన్నె లాంటి రేకు ముక్క ఉంటుంది. అది కిందికి పోయే వెలుగును అడ్డుకుంటుంది. దానివల్ల వెలుగు రిఫ్లెక్టరు పై భాగం మీదనే పడి, అక్కడి నుంచి రోడ్డు మీదికి, అంటే కిందికి దిగుతుంది. ఆ రేకు అంచును ఒక వైపు 15 డిగ్రీలు వంచి ఉంచుతారు. అందువల్ల మన దేశంలో రోడ్డు ఎడమ అంచున నడిచే మనిషి, మైలురాయి కనబడేలా ఎడమ పక్క మాత్రం వెలుగు కొంచెం పైకి లేస్తుంది. కుడి పక్క ఎదురు బండి వస్తుంది కాబట్టి అక్కడ వెలుగు కిందనే ఉంటుంది. గోరంత రేకు ముక్క చేసే పని ఇది. ఫిలమెంటు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరిగినా ఈ లెక్క తప్పుతుంది.

ఒక పికప్పు వ్యాను వైద్యం

మన నగరానికీ పికప్పు వ్యాన్లకూ పాత చుట్టరికం ఉంది. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ బస్సు బాడీలకు, ఫ్రిజ్‌లకు, వాచీలకు పేరు పొందింది. కొండాపూర్ నుంచి మియాపూర్ వెళ్ళే దారిలో ఆ పేరుతోనే ఆల్విన్ చౌరస్తా ఉంది. 1980లలో జపాన్ కంపెనీలతో కలిసి దేశంలో నాలుగు చోట్ల తేలికరకం ట్రక్కులు మొదలైతే, అందులో ఒకటి జహీరాబాద్‌లో ఆల్విన్-నిస్సాన్. తరువాత అది మహీంద్రా చేతికి వెళ్ళింది. ఆ నాలుగింటిలో మరొకటైన డీసీఎం-టయోటా పేరు మీద ఈనాటికీ హైదరాబాదులో ఏ చిన్న లారీనైనా "డీసీఎం" అనే పిలుస్తున్నాము.

మా మేనల్లుడొకడు మాదాపూర్‌లోని హాస్టళ్ళకు, క్యాంటీన్లకు తెల్లవారుజామున కూరగాయలు, మంచినీళ్ళ క్యాన్లు చేరవేస్తాడు. సెకండ్ హ్యాండ్‌లో పికప్పు కొన్నాడు. లైటు మసకగా ఉందని ఒక షాపులో 100/90 వాట్ల బల్బులు వేయించాడు. నెలా రెండు నెలల్లో హోల్డరు కరిగిపోయింది. తరువాత ఎవరో చెబితే తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు పెట్టించాడు. ఆ పైన నా దగ్గరకు వచ్చి, "మామయ్యా, ఎదురొచ్చేవాళ్ళందరూ లైటు కొట్టి తిడుతున్నారు. ఇంత వెలుగున్నా నాకు మాత్రం ఎడమ పక్క రోడ్డు అంచు కనబడటంలేదు" అన్నాడు.

వాడి మాటలోనే రోగ లక్షణం ఉంది. ముందు పాత హాలోజన్ బల్బే పెట్టించి, ఇంజను నడుస్తుండగా మీటరుతో చూశాను. బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. బల్బు దగ్గర 12.1. మిగిలిన 1.7 వోల్టులు ఏమయ్యాయి? లైట్ల కరెంటంతా పాత స్విచ్ లోంచి, సన్నటి వైర్లలోంచి, తుప్పు పట్టిన ఎర్త్ లోంచి పోతూ దారిలోనే వేడిగా ఖర్చయిపోతోంది. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి నూటికి పది తగ్గితే వెలుగు నూటికి ముప్పై దాకా తగ్గుతుంది. ఈ బండిలో మూడో వంతుకు పైగా వెలుగు అలా పోతోంది. అంటే బల్బు నేరం ఏమీ లేదు. దానికి అందవలసిన తిండి అందడంలేదు.

ఇటువంటి బండికి 90 వాట్ల బల్బు పెడితే ఏమవుతుందో లెక్క వేయండి. 55 వాట్ల బల్బు ఒక్కొక్కటి దాదాపు నాలుగున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. 90 వాట్లది ఏడున్నర తీసుకుంటుంది. రెండు కలిసి 15 ఆంపియర్లు. అదే సన్న వైరులో అంత కరెంటు పోతే హోల్డరు కరగక ఏం చేస్తుంది? ఇంకా పెద్ద ప్రమాదం జరగనందుకు సంతోషించాలి.

చేసిన వైద్యం ఇది. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, దానికి ఫ్యూజు, రెండు రిలేలు. పాత స్విచ్‌కు ఇక రిలేను పిలవడం వరకే పని. ఎర్త్ పాయింట్లు గీకి శుభ్రం చేయించాము. రిఫ్లెక్టర్లు వెండి మెరుపు పోయి మసకబారి ఉంటే కొత్తవి వేయించాము. కంపెనీ చెప్పిన 60/55 వాట్ల బల్బులే జతగా మార్చాము. ఆ తరువాత బల్బు దగ్గర 13.5 వోల్టులు కనబడ్డాయి. ఇదంతా కలిపినా వాడు ఎల్‌ఈడీల జతకు పెట్టిన ఖర్చు కాలేదు. అయితే కంప్యూటరు నియంత్రణ ఉన్న కొత్త బండ్లలో వైర్లు మనం ముట్టుకోకూడదు. వాటిని కంపెనీ వర్క్‌షాపుకే తీసుకువెళ్ళాలి.

ఇంకొక సంగతి పికప్పులకు ప్రత్యేకం. వెనుక బరువు వేస్తే కమాన్లు అణిగి ముక్కు పైకి లేస్తుంది. దీపం ఒక్క డిగ్రీ పైకి లేచినా 25 మీటర్ల దూరంలో వెలుగు 44 సెంటీమీటర్లు పైకి పోతుంది. రోడ్డు మీద పడవలసినది ఎదుటి కారు డ్రైవరు కళ్ళలో పడుతుంది. అందుకని ఖాళీ బండికి సరిచేస్తే చాలదు, రోజూ వేసే బరువు వేసి చూడాలి. చాలా బండ్లలో దీపాన్ని కిందికి దించే చిన్న నాబ్ స్టీరింగు పక్కన ఉంటుంది. అది ఎందుకో మా వాడికి ఆ రోజు దాకా ఎవరూ చెప్పలేదు.

ఎల్‌ఈడీ చెడ్డదా?

కాదు. 1990లలో నీలి ఎల్‌ఈడీని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. నీలి వెలుగు మీద పసుపు పూత పూస్తే తెల్లటి వెలుగు వస్తుంది. తక్కువ కరెంటు, ఎక్కువ కాలం మన్నిక. కంపెనీ వారే ఎల్‌ఈడీ కోసం రిఫ్లెక్టరో, లెన్సో ప్రత్యేకంగా తయారుచేసి ఇచ్చిన దీపం మంచి దీపం. 1991లో వచ్చిన జెనాన్ దీపానికీ ఇదే మాట వర్తిస్తుంది.

తగాదా ఎక్కడంటే, హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీ దూర్చడంలో ఉంది. సన్నటి ఫిలమెంటు ఉండవలసిన చోట ఇరుపక్కలా బిళ్ళలు వస్తాయి. ఆ గోరంత రేకు లెక్క సరిపోదు. వెలుగు పైకి, పక్కలకు చెదిరిపోతుంది. బండి ముందు దగ్గర నేల మాత్రం తెల్లగా మెరుస్తుంది. దానికి డ్రైవరు కంటిపాప చిన్నదై దూరం ఇంకా కనబడదు. మా మేనల్లుడికి రోడ్డు అంచు కనబడకపోవడానికి కారణం అదే.

చట్టం కూడా ఇదే చెబుతున్నది. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 106వ నిబంధన ప్రకారం, దీపానికి 8 మీటర్ల దూరంలో, నేలకు 1.5 మీటర్ల ఎత్తులో కన్ను ఉన్న మనిషికి మిరుమిట్లు కలగరాదు. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చడం 1988 చట్టం 52వ సెక్షను కింద తప్పు. 2019 సవరణ తరువాత అలా మార్చిన యజమానికి ఒక్కొక్క మార్పుకు రూ. 5,000 జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని పడవచ్చు. స్కూటర్లకు పగలు కూడా దీపం ఎందుకని కొందరు సభ్యులు అడుగుతుంటారు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడిచినంత సేపూ దీపం వెలగాలనే నిబంధన వచ్చింది. అది తప్పు కాదు, ఎదుటివారికి కనబడటానికి.

మన కళ్ళ సంగతి

అరవై ఏళ్ళ కంటిలోపలికి చేరే వెలుగు ఇరవై ఏళ్ళ కంటికి చేరే దానిలో సుమారు మూడో వంతు మాత్రమే. కంటిపాప అంతగా విచ్చుకోదు, లోపలి కటకం పసుపుబారుతుంది. శుక్లం మొదలైతే వచ్చిన వెలుగు కూడా లోపల చెదురుతుంది. కనుక పిల్లలకు చిరాకు అనిపించేంత వెలుగు మనకు క్షణకాలం గుడ్డితనమే. మళ్ళీ చూపు కుదుటపడటానికి కూడా మనకు ఎక్కువసేపు పడుతుంది. ఆ క్షణంలోనే మనం రోడ్డు దాటుతుంటాము. "తాతయ్య ఊరికే భయపడతాడు" అనే మనుమలకు ఈ పేరా చదివి వినిపించండి.

సభ్యులకు నా మనవి ఇది. ఏడాదికొకసారి కళ్ళు పరీక్ష చేయించుకోండి. రాత్రి నడకకు లేత రంగు బట్టలు, చేతిలో చిన్న టార్చి ఉండాలి. ఎదురు దీపం వైపు చూడకుండా రోడ్డు ఎడమ అంచు వైపు చూడండి. బండి నడిపేవారు ముందు అద్దం, కళ్ళద్దాలు తుడుచుకుంటే సగం మిరుమిట్లు అక్కడే పోతాయి.

ఇంట్లో పిల్లలకు ఇంకొక మాట చెప్పండి. లైటు చాలడంలేదని అనిపిస్తే ముందు అద్దం కడగండి, తరువాత వోల్టేజి చూపించండి, చివరికి బల్బు మార్చండి. మార్చేటప్పుడు కంపెనీ చెప్పిన వాట్ల బల్బునే రెండు పక్కలా మార్చండి. హాలోజన్ బల్బు గాజును వేలితో ముట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై బల్బు త్వరగా పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిటు తడిపిన గుడ్డతో తుడవండి. ఆ తరువాత చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి పెట్టి డిమ్ లైటు వేయండి. గోడ మీద వెలుగు అంచు దీపం ఎత్తు కంటే సుమారు 10 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. పైన ఉంటే వెనుక ఉన్న స్క్రూ తిప్పి దించాలి.

ఈ పని ఎలా చేయాలో చూడదలచిన సభ్యులు వచ్చే నెల సమావేశానికి పిల్లలను, బండిని వెంట తీసుకురండి. చీకటిపడే దాకా ఆగితే సంఘ భవనం ప్రహరీ గోడ మీద గీత గీసి చూపిస్తాను. మీటరు, స్క్రూడ్రైవరు నేనే తెస్తాను.